అవ్వ రాసిన కలిపిరాత

పంతులమ్మ ట్రైనింగులో భాగంగా ఈ నెలంతా నన్ను ఒక బడికి పంపారు. రెండో తరగతి. మొదటి రోజే అక్కడి పెద్ద టీచరు నా చేతికి సుద్దముక్క ఇచ్చి, "పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలు కలిపి రాసుడు నేర్పమ్మా, నీ చేతిరాత మంచిగుంటదట గదా" అంది. బోర్డు వైపు తిరిగాను. నా చేతిరాత బాగానే ఉంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. కానీ రెండు మాటలు రాశానో లేదో, వెనక బెంచీల మధ్య ఎవరో నడిచిన చప్పుడైంది. నా కుడిచేతి వేళ్లు వాటంతట అవే ముడుచుకుపోయాయి. సుద్దముక్క కిందపడి రెండయింది. నడిచింది నీళ్ల సీసా కోసం లేచిన ఓ చిన్నపిల్ల. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ వీపంతా చెమట పట్టేసింది.

చిన్నతనం అనగానే అందరూ మురిసిపోతారు. మామిడికాయలంటారు, ఈతలంటారు. నాకు ముందుగా గుర్తొచ్చేది యూరియా వాసన.

మా ఊరి నుంచి షాద్‌నగర్ పోయే రోడ్డు మీద ఒక ఎరువుల దుకాణం ఉండేది. దాని మీద మూడు గదులు. ఆ మూడు గదులే మా ఇంగ్లీషు మీడియం బడి. తెలంగాణ వచ్చిన కొత్తలో మా పక్క ఊళ్లలో ఇలాంటి బడులు పుట్టగొడుగుల్లా లేచాయి. పసుపుపచ్చ వ్యాను, మెడకు లాస్టిక్ టై, నల్ల బూట్లు. ఊరి పిల్లలం ఒక్క పొద్దులో దొరబిడ్డలమైపోయాం. కింద దుకాణంలో బస్తాలు దించినప్పుడల్లా పురుగుమందు వాసన మెట్లెక్కి క్లాసులోకి వచ్చేది. సద్ది డబ్బా తెరిస్తే అందులోని జొన్నరొట్టెకూ అదే వాసన. కరోనాలో మూసిన ఆ బడి మళ్లీ తెరుచుకోలేదు. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. మా వ్యాను కొన్నాళ్లు టమాటాలు మోసిందని విన్నాను.

మా మేడం పేరు నాకు తెలియదు. మేడం అంటే మేడమే. ఇప్పుడు లెక్కేసుకుంటే ఆమెకు అప్పుడు ఇరవై రెండేళ్లు కూడా ఉండవు, ఇప్పటి నాకంటే కొంచెం పెద్ద. అప్పుడు మాత్రం ఆమె తల ఎత్తి చూడాల్సినంత ఎత్తు. చేతిలో చెక్క స్కేలు ఉండేది. దాన్ని వెడల్పుగా వాడేది కాదు, అంచుతో వాడేది. అదీ అరచేతి మీద కాదు, వేళ్ల కణుపుల మీద.

"మాట మొదలువెట్టినంక అయిపోయేదాంక పెన్సిలు లేవొద్దు. లేసిందా, ఏటు పడ్తది" అని రెండో తరగతి మొదటి రోజే చెప్పింది.

అక్షరాలు విడివిడిగా రాయడం నాకు వచ్చు. కలపడం రాదు. ఒక అక్షరం అయిపోగానే చేయి లేచేది. తెలుగు అక్షరాలు అలా నేర్చుకున్న చేయి అది. ఏ అక్షరానికి ఆ అక్షరం రాసి, ఊపిరి పీల్చుకుని, ఇంకోటి రాయాలి. మేడం మా వెనక నడుస్తూ ఉండేది. చెప్పుల చప్పుడు టక్, టక్ అని వినబడుతున్నంతసేపూ బతికిపోయినట్టే. చప్పుడు ఎవరి వెనక ఆగితే వాళ్ల పని అయిపోయినట్టు. నాలుగు గీతల కాపీ మీద నా పెన్సిలు వణుకుతూ ఉంటే, నా చెవులు మాత్రం వెనక్కి తిరిగి ఉండేవి.

కణుపుల నొప్పి సాయంత్రానికి పోయేది. పోనిది ఇంకో భయం. "దసరా సెలవుల లోపల కలిపి రాయనోళ్లు యూకేజీల కూసుంటరు" అని మేడం చెప్పింది. ఉత్త బెదిరింపు అనుకోవడానికి లేదు. మా క్లాసులోని ఒక పొడుగు పిల్లను అప్పటికే మూల గదిలోని యూకేజీలోకి పంపేసింది. నీళ్లు తాగడానికి పోయినప్పుడల్లా కనబడేది. చిన్న బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకు తిప్పుకుని కూర్చునేది. చుట్టూ చీమిడి ముక్కుల పిల్లలు. నన్ను చూస్తే తల దించుకునేది. ఆమె అలా తల దించుకోవడం చూసినప్పుడల్లా నాకు ఉచ్చ పోయాల్సినట్టు అయ్యేది.

ఇంట్లో చెప్పుకునే దిక్కు లేదు. అమ్మా నాయినా ఇద్దరూ షాద్‌నగర్‌లో కంపెనీ పనికి పోయేవాళ్లు, పొద్దుగూకాకే వచ్చేవాళ్లు. నాయినకు నేను ఇంగ్లీషు చదవడమంటే మహా గర్వం. వచ్చినోళ్లందరి ముందూ నన్ను నిలబెట్టి, "బిడ్డా, గా పాట జెప్పు" అనేవాడు. యూకేజీలోకి దించారని తెలిస్తే ఆయన ముఖం ఎలా అవుతుందో తలుచుకోవడానికే భయం.

పగలంతా ఇంట్లో ఉండేది అవ్వ, నాయిన తల్లి. అవ్వకు చదువు రాదు, ఎక్కడైనా వేలిముద్రే. కానీ ముగ్గు వేయడంలో మా ఊళ్లో ఆమె తర్వాతే ఎవరైనా. పెళ్లి అంటే చాలు, పందిరి పడకముందే అవ్వకు పిలుపు వచ్చేది. పొద్దున్నే వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లి, గుప్పిట్లో ముగ్గుపిండి పట్టుకుని వంగిందంటే మళ్లీ నడుము ఎత్తేది కాదు. చుక్కల చుట్టూ మెలికలు తిరుగుతూ గీత పోతూనే ఉండేది. వేళ్ల పగుళ్లలో ఆ తెల్లపిండి ఎప్పుడూ ఉండేది. దగ్గరికి తీసుకుంటే సున్నం వాసన, తమలపాకు వాసన.

ఆ సాయంత్రం గడప మీద కూర్చుని హోంవర్కు రాస్తున్నాను. ఆపిల్ అనే మాట వరసకు ఐదుసార్లు, మొత్తం రెండు పేజీలు, అన్నీ కలిపి రాయాలి. రాస్తున్నా, తుడుస్తున్నా, ఏడుస్తున్నా. అవ్వ ఎదురుగా కూర్చుని మక్కకంకులు వొలుస్తోంది.

"ఏందే బిడ్డా, గట్ల ముక్కు చీదుకుంట రాస్తున్నవ్?"

"చెయ్యి లేవొద్దంట అవ్వా. లేస్తె మేడం కొడ్తది. యూకేజీల కూసోవెడ్తది."

"చెయ్యి లేపకుంట గీసుడే గద? గదేమన్న పెద్ద ముచ్చటనా? ఇటు దే."

కాపీని నేల మీద పెట్టింది. గొంతుక్కూర్చుంది. పై వరసలో మేడం రాసిచ్చిన మాటను తల పక్కకు వంచి చాలాసేపు చూసింది. గాలిలో వేలితో రెండుసార్లు తిప్పింది. పెన్సిలు పట్టుకుంది, కాదు, ముగ్గుపిండి పట్టినట్టు మూడు వేళ్ల కొసలతో పట్టింది. మణికట్టు ఎక్కడా ఆనలేదు. గీత మొదలైంది, ఆగలేదు. నేను ఏడుపు ఆపి చూశాను. మేడం రాసిందానికంటే గుండ్రంగా, నున్నగా అక్షరాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని పోతున్నాయి. మాటకూ మాటకూ మధ్య జాగా వదలాలని ఆమెకు తెలియదు. ఐదు మాటలనూ కలిపేసింది. వరస చివరికి వచ్చాక కూడా ఆగకుండా గీతను కిందికి దించి, వెనక్కి తిప్పి, తీసుకొచ్చి మొదటి అక్షరానికి ముట్టించింది.

"అవ్వా, గట్ల ఎన్కకు ఎందుకు తెచ్చినవ్?"

"మరి గీతను నోరు తెరిచి ఇడిసిపెడ్తరానే? ఇంట్లకు చెడు జొర్రదా? ఏడ మొదలైందో ఆడ్నే ముట్టాలె."

రెండు పేజీలూ అలాగే నింపేసింది. వరస వరసకూ ఒక ముడి. తుడుద్దామంటే కాగితం చినుగుతుంది, చినిగితే దానికి వేరే దెబ్బ. కాపీ మూసి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు మేడం ఎర్ర పెన్ను పట్టుకుని కాపీలు చూస్తూ నా దగ్గర ఆగింది. పేజీ తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పింది. కాపీని అడ్డంగా పట్టుకుని చూసింది.

"ఇది ఎవరు రాసిన్రు?"

నేనే అందామనుకున్నాను. నోట్లో నుంచి వచ్చింది మాత్రం, "మా అవ్వ."

క్లాసంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. "రేపు మీ అవ్వను తోలుకరా" అంది. అరవలేదు, మెల్లగా అంది. చేతిలో స్కేలు ఉంది. ఆ స్కేలును చూస్తూ నేను ఒక లెక్క వేసుకున్నాను. తప్పు రాసిన వాళ్లకు కణుపుల మీద పడుతుంది. ఈ తప్పు రాసింది అవ్వ. అంటే రేపు అవ్వకు పడుతుంది.

ఏడేళ్ల పిల్ల లెక్క అది, నవ్వుకుంటే నవ్వుకోండి. నాకు మాత్రం అది కళ్లకు కట్టింది. అవ్వ కణుపులు అప్పటికే వాచి ఉండేవి. రోజూ సాయంత్రం నువ్వులనూనె రాయించుకునేది నాతోనే. కొంచెం గట్టిగా నొక్కితే "మెల్లగనే బిడ్డా" అని చేయి వెనక్కి లాక్కునేది. ఆ చేతి మీద చెక్క స్కేలు అంచు పడుతుంది. అవ్వ నావైపు చూస్తుంది. వ్యానులో ఇంటికి పోతున్నంతసేపూ అదే కనబడింది.

దిగగానే అవ్వ ఎదురొచ్చింది. "మేడమ్ ఏమన్నదే? మంచిగున్నదన్నదా?"

"మంచిగున్నదన్నది."

అవ్వ ముఖం విచ్చుకుంది. పక్కింటామెను కేకేసి మరీ చెప్పింది.

తెల్లారి క్లాసులో మేడం మొదట నన్నే లేపింది. "మీ అవ్వ ఏది?"

రాలేదంటే రేపు తీసుకురమ్మంటుంది. రేపు కాకుంటే ఎల్లుండి. ఇక ఎప్పటికీ అడగకుండా ఉండాలంటే ఏం చెప్పాలి? ఆలోచించే చెప్పానని ఇప్పుడు అంటే అది అబద్ధమే అవుతుంది. ఆలోచించలేదు. నోరు దానంతట అదే అనేసింది.

"మా అవ్వ సచ్చిపోయింది మేడం."

నత్తి లేదు, తడబాటు లేదు. కింద ఎవరో బస్తా దించిన చప్పుడు వినబడింది.

"ఎప్పుడు?"

"రాత్రి."

"మరి నువ్వెట్ల వచ్చినవ్ బడికి?"

"నాయిన పొమ్మన్నడు."

మేడం స్కేలు కింద పెట్టింది. నా దగ్గరికి వచ్చి తల మీద చేయి వేసింది. ఆమె చేయి నా ఒంటి మీద కొట్టడానికి కాకుండా పడటం అదే మొదటిసారి. ఆమె దగ్గర సబ్బు వాసన వచ్చింది. నా కాపీ తీసింది, అవ్వ రాసిన రెండు పేజీలను మళ్లీ చూసింది. ఎర్ర పెన్నుతో కొట్టివేయలేదు. మెల్లగా మూసి నా చేతిలో పెట్టి, "దీన్ని జాగ్రత్తగ దాచుకో" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెలుసా, స్కేలు దెబ్బ కంటే అది వెయ్యి రెట్లు భయపెట్టింది నన్ను. పెద్దవాళ్లు నమ్మేశారు. అంటే అది నిజమయ్యే పని మొదలైపోయింది.

విరామంలో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చాక్లెట్లు ఇచ్చారు. తీసుకున్నాను. తిన్నాను కూడా, దాచడమెందుకు. మూడో చాక్లెట్టు నోట్లో ఉండగా అవ్వ ఎప్పుడూ అనే మాట గుర్తొచ్చింది. ఎవరైనా చావు మాట ఎత్తితే అవ్వ నోరు మూయించేది. "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటరు. నువ్వు ఏదంటె దానికే తథాస్తంటరు" అనేది. దేవతలు ఏ వేళకు తిరుగుతారో నాకు సరిగ్గా తెలియదు. పక్కనున్న పిల్లను అడిగాను. "పొద్దంత తిరుగుతరు" అంది ఆ పిల్ల, తెలిసినట్టే. చాక్లెట్టు ఉమ్మేశాను.

సాయంత్రం వ్యాను దిగి ఉరుకుతూ పోయాను. వాకిలి బోసిగా ఉంది. తలుపుకు గొళ్లెం. అవ్వ చెప్పులు లేవు. "అవ్వా!" అని పిలిచాను. ఇంటి వెనక చూశాను. పక్కింటి తలుపుకూ తాళమే. అందరూ కలిసి అవ్వను ఎక్కడికో తీసుకుపోయారు. దవాఖానకు. కాదు, దవాఖానకు కాదు. అలాంటి ఆలోచనలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఏడుపు కూడా రాలేదు.

అప్పుడు వాకిట్లో ముగ్గు కనబడింది. పొద్దున అవ్వ వేసిందే. మేకలు తొక్కాయి, ఎవరిదో బండి చక్రం కూడా అడ్డంగా పోయింది. గీతలు ఎక్కడికక్కడ తెగి నోళ్లు తెరిచి ఉన్నాయి. చెడు లోపలికి జొరబడేది ఇలాంటి సందుల్లోంచే కదా. సంచి అక్కడే పడేసి గడప పక్కన ఉన్న ముగ్గుపిండి చిప్ప తీసుకున్నాను.

గుప్పెడు పిండి పట్టుకుని వంగాను. తెగిన చోట మొదలుపెట్టి, చుక్కను చుట్టి, కిందికి దించి, మళ్లీ పైకి. పిండి ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా పడుతోంది. చేయి లేవకూడదు. లేస్తే అవ్వ ఉండదు. గుప్పిట్లో పిండి అయిపోతుందనగా కుడిచేయి అక్కడే ఉంచి ఎడమచేత్తో పిండి అందించుకున్నాను. చెమట కళ్లలోకి కారింది, తుడుచుకోలేదు. ఒక గీత మొదలుకు ముట్టింది. ఇంకోటి. ఇంకా ఎన్నో ఉన్నాయి. వెలుతురు తగ్గుతోంది. నడుము పడిపోతోంది. అప్పటిదాకా ఏ దేవుడికీ మొక్కని నేను, ఆ వంగుడులోనే అందరు దేవుళ్లకూ మొక్కాను. ఆఖరి గీత ఇంకో బెత్తెడు ఉందనగా వెనక అడుగుల చప్పుడు ఆగింది. నేను చేయి లేపలేదు. ముట్టించాకే తిరిగి చూశాను.

నెత్తిమీద గంపతో అవ్వ. పక్కన పక్కింటామె.

"పొద్దుమీకి గీ ముగ్గేందే పిచ్చిదానా?"

ఆమె కాళ్లు చుట్టేసుకున్నాను. కాళ్లు వెచ్చగా ఉన్నాయి. గంప కూడా దించనివ్వలేదు. "ఏమైందే, ఎవ్వలన్న కొట్టిన్రా?" అంటుందే గానీ నాకు మాట వస్తేనా. గుట్టకు సీతాఫలాలకు పోయారట ఇద్దరూ. గంపలో కన్ను విచ్చిన కాయలు, పచ్చి ఆకు వాసన.

"మీ మేడమ్ నా రాత మంచిగున్నదన్నది గద. రేపు నేనే పోయి గీ కాయలు ఇచ్చొస్త" అంది అవ్వ.

వద్దన్నాను. ఏడ్చాను. కడుపునొప్పన్నాను. అవ్వ ఒకటి అనుకుంటే అంతే. మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, గంప ఒళ్లో పెట్టుకుని, వ్యానులో నా పక్కనే కూర్చుంది. ఎరువుల దుకాణం పక్క మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతుంటే నేను వెనకాలే ఎక్కాను. ఉరితీయడానికి తీసుకుపోయినా అంత భయం వేయదేమో.

క్లాసులోకి అడుగుపెట్టగానే మేడం, "ఎవరు కావాలమ్మా?" అంది.

"గిదాని అవ్వను. నేనే రాసిన గా రెండు పేజీలు."

నలభై మంది పిల్లలు. ఒక్కరి నోరూ మూసుకుని లేదు. నాకు చాక్లెట్టు ఇచ్చిన ఓ పిల్ల బెంచీ కిందికి దూరింది. మేడం అవ్వను చూసింది, నన్ను చూసింది. నేను చెప్పకముందే రెండు చేతులూ చాచి, కణుపులు పైకి పెట్టి నిలబడ్డాను.

"ఏందమ్మా, నన్ను జూసి గట్ల బీరిపోయిన్రు? నా రాతల తప్పున్నదా?" అంది అవ్వ.

"రాత మంచిగున్నదవ్వా" అంది మేడం. " గని ఇంగ్లీషుల గీత ఎన్కకు తేవద్దు. కొస ఇడిసిపెట్టాలె."

"ఇడిసిపెడ్తరా? ఇడిసిపెడ్తె ఎట్లమ్మా?"

"వాళ్లు గట్లనే ఇడిసిపెడ్తరు."

"వాళ్ల ఇండ్లల్ల ఏం నిలుస్తదో ఏమో" అని అవ్వ గంప దించింది. "ఇవి బియ్యంల పెట్టుకో బిడ్డా, రెండు దినాలకు మాగుతయి" అని చెప్పి, నా తల నిమిరి, మెట్లు దిగి పోయింది. నా అబద్ధం గురించి మేడం ఒక్క మాట చెప్పలేదు ఆమెతో.

అవ్వ పోయాక నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. "గట్లెందుకు చెప్పినవ్?" అంది, నాకు మాత్రమే వినబడేలా.

"మీరు మా అవ్వ చేతుల మీద కొడ్తరని."

ఆమె స్కేలు వైపు చూసింది. "పోయి కూసో" అంది. ఇక ఆ రోజు నుంచి ఆమె కొట్టడం మానేసిందని రాస్తే బాగుంటుంది గానీ, మానలేదు. దసరా తర్వాత ఇద్దరిని యూకేజీలోకి పంపింది కూడా. నన్ను మాత్రం పంపలేదు, ఎందుకంటే ముగ్గు కలిపిన తెల్లారి నుంచే నా పెన్సిలు లేవడం మానేసింది. నా కాపీలో ఎర్ర పెన్నుతో గుడ్ అని రాసినప్పుడల్లా నాకు ఆ పొద్దుమీకి వాకిలే గుర్తొచ్చేది. ఎప్పుడో ఒకనాడు మేడం అవ్వకు చెప్పేస్తుందేమోనని ఏడాదంతా భయపడ్డాను. చెప్పలేదు. మరుసటి ఏడు ఆమె బడికి రాలేదు. పెళ్లయిందన్నారు.

నేనే చెప్పాను, ఇంటర్ చదివేటప్పుడు, అవ్వ చేతులకు నూనె రాస్తూ. చెప్తుంటే అప్పుడు కూడా భయమే వేసింది. అవ్వ దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"బతికున్నోళ్లను సచ్చిన్రంటె ఆయుష్షు పెరుగుతదే పిచ్చిదానా. నువ్వు అనవట్టే గిన్నేండ్లు ఉన్న."

ఆ మాటతో నా భయం పోయిందనుకున్నాను.

నిరుడు చలికాలంలో అవ్వ పోయింది. నేను మహబూబ్‌నగర్‌లో ట్రైనింగు హాస్టల్లో ఉన్నాను. తెల్లవారగానే నాయిన ఫోను. "బిడ్డా, అవ్వ లేదు. జల్ది రా" అన్నాడు. సెలవు అడగడానికి ప్రిన్సిపాలు సారు దగ్గరికి పోయి నిలబడ్డాను. "ఏమైందమ్మా?" అన్నాడు ఆయన. ఏం చెప్పాలో నాకు తెలుసు. ఏడేళ్ల వయసులో ఒకసారి తడబడకుండా చెప్పిన మాటే. ఇప్పుడది నిజం, చెప్పడానికి భయపడాల్సింది ఏమీ లేదు. నోరు తెరిచాను. నాలుక కదలలేదు.

"మా అవ్వకు జ్వరం సార్."

ఆయన రెండు రోజులు ఇచ్చాడు. పదకొండో దినం అయ్యాకే తిరిగి వచ్చాను. ఆయనకు కోపమొచ్చింది. "జ్వరమని చెప్పి పన్నెండు రోజులు పోతవా? ఇంతకూ మీ అవ్వకు తగ్గిందా లేదా?" అన్నాడు.

"తగ్గింది సార్" అన్నాను.